నోరు మూసుకుని ఎక్కమన్న మనిషి

మొన్న కాంప్లెక్స్ బస్టాండులో నా దగ్గర ఆరో తరగతి చదివిన అమ్మాయి కనిపించింది. అరకు పైన ఆశ్రమ పాఠశాలలో రెండు జడలు వేసుకుని ముందు వరసలో కూర్చునేది. ఇప్పుడు విశాఖపట్నంలోనే ఒక ఆస్పత్రిలో నర్సు. టీ గ్లాసు పక్కన పెట్టి, నమస్కారం చేసి, పెళ్లి కబురూ పిల్లాడి కబురూ చెప్పి, తీరా నా బస్సు వస్తున్నప్పుడు అంది.

"పెద్దమ్మ పోయింది మేడమ్. కొండచీపుర్లు కోసుకొచ్చి, మోపు గోడకి ఆనించి, నీళ్లడిగిందట. కోడలు చెంబుతో వచ్చేసరికి అయిపోయింది."

ఇంకేం అడగడానికీ వ్యవధి లేదు. కూరల సంచీ పట్టుకుని బస్సెక్కాను.

ఆవిడ పేరు నాకు తెలియదు. నాలుగేళ్లు ఒక మనిషితో నడిచి పేరు అడగకపోవడం నా బుర్ర తక్కువతనమే. ఊళ్లో ఫలానావాడి అమ్మ అనేవారు, బడి పిల్లలు పెద్దమ్మ అనేవారు, నేనూ అదే పట్టుకున్నాను. ఆవిడ కూడా నా పేరు అడిగిన పాపాన పోలేదు. మామూలుగా నేను పంతులమ్మని, కోపం వస్తే గుంటని, అంటే పిల్లని.

పొట్టి మనిషి, సన్నం. ముక్కుకు మూడు పుల్లలు. నోట్లో ఎప్పుడూ చుట్ట, అదీ నిప్పున్న కొస నోటి లోపలికి పెట్టుకుని. మా వైపు ముసలమ్మలు చాలామంది అలాగే కాలుస్తారు, అడ్డపొగ అంటారు. కాని నిలువుగా ఉన్న కొండ దారిలో, నెత్తిన కట్టెలమోపుతో, నిప్పు నోట్లో పెట్టుకుని ఎక్కే మనిషిని నేను ఆవిడనే చూశాను. పెదాలు బిగించుకుని ఉండేది, ముక్కులోంచి పొగ వచ్చేది. మెడ ముందు బత్తాయంత గడ్డ. అప్పట్లో ఆ కొండ ఊళ్లలో చాలామంది ఆడవాళ్లకు ఉండేది. ఉప్పులో లోపం అని ఆస్పత్రివాళ్లు చెప్పేవారు. ఆ గడ్డ వైపు నేను చూసేదాన్ని కాదు. చూడకుండా ఉండడం మర్యాద అనుకునేదాన్ని.

నేను ఆ కొండ మీదికి ఎందుకు వెళ్లానో చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పినట్టు కాదు. తొంభైల నడుమ నాకొక ఆడపిల్ల పుట్టింది. తొమ్మిది నెలలూ నిండి, బయటికొచ్చి, ఏడవలేదు. పాప వెళ్లిపోయింది, పొట్ట మాత్రం వెళ్లలేదు. అసలే ఒళ్లున్న మనిషిని, ఇంకా పెరిగాను. చీర కుచ్చిళ్లు దోపుకునేటప్పుడల్లా చేతికి అదే తగిలేది. ఇంట్లో ఉన్న ఒక్క నిలువుటద్దాన్ని గోడ వైపు తిప్పి పెట్టాను. మా ఆయన పాపం వీధిలో స్కూటర్ అద్దంలో చూసుకుని గడ్డం గీసుకునేవాడు.

పాప పోయిన మూడో నెలలో సిటీ బస్సులో ఒక కాలేజీ అమ్మాయి లేచి నాకు సీటిచ్చింది. నవ్వుతూ, ఎన్నో నెల ఆంటీ అని అడిగింది. కాదని చెప్పొచ్చు. ఏడో నెల అన్నాను. ఎందుకన్నానో నాకు ఈ రోజుకీ తెలియదు. కూర్చుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని, మద్దిలపాలెం దాకా కడుపుతో ఉన్న మనిషిలాగే వెళ్లాను. ఆ పిల్ల దిగేటప్పుడు జాగ్రత్త ఆంటీ అని కూడా చెప్పింది. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ వారం బడికి వెళ్లలేదు.

డిప్రెషన్ అన్న మాట అప్పటికింకా మా ఇళ్లలోకి రాలేదు. 'మనసు బాగాలేదు' అనేవారు, దానికి మందు గుడికి వెళ్లడం. మా ఆయన తీసుకెళ్లిన డాక్టరమ్మ మాత్రం నా మొహం కాసేపు చూసి, రోజూ గంటసేపు నడువు, నెలకోసారి వచ్చి నాతో మాట్లాడు అంది. నడవాలంటే వీధిలోకి రావాలి, వీధిలోకి వస్తే ఎవరో ఒకరు ఎన్నో నెల అంటారు. అందుకని ఎవరికీ తెలియని చోటికి బదిలీ అడిగాను. ఏజెన్సీ నుంచి కిందికి పంపమని బతిమాలేవాళ్లను చూసిన ఆఫీసు గుమాస్తా, నేను పైకి పంపమంటే అర్జీని రెండుసార్లు చదివాడు. మా ఆయన శనివారం రైల్లో వచ్చి ఆదివారం వెళ్లేట్టు మాట్లాడుకున్నాం.

కొండ మీద నన్నెవరూ చూడరు అనుకున్నాను. ఎంత తెలివితక్కువ ఆలోచనో మూడో రోజే తెలిసింది. సాయంత్రం బడి వదిలాక శాలువా కప్పుకుని, వలిసె చేలు దాటి, చేతులూపుకుంటూ కొండవార నడుస్తున్నాను. ఎవరైనా వస్తున్నారేమో అని అటూ ఇటూ చూస్తున్నాను. అడ్డాకుల మోపుతో దిగి వస్తూ ఆవిడ ఎదురుపడింది. మోపు దించకుండానే చుట్ట చేతిలోకి తీసుకుంది.

"ఏటి పోనాది పంతులమ్మా?"

నాకు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. ఆ కొండల్లో చేతిలో కత్తీ లేకుండా, నెత్తిన బరువూ లేకుండా, పొద్దు వాలే వేళ దిక్కులు చూస్తూ తిరిగే మనిషికి ఒకటే పని ఉంటుంది. పశువు తప్పిపోయి ఉంటుంది. బడివాళ్లు నాకిచ్చిన క్వార్టర్లో ముందు ఉన్న మాస్టారు ఆవును పెంచాడట కూడా. ఒళ్లు తగ్గడానికి నడుస్తున్నానని చెప్పడానికి సిగ్గేసింది. బస్సులో అబద్ధం ఆడిన నోరే కదా, ఆవు అన్నాను. ఏ రంగు అంది. ఎరుపు అన్నాను.

మర్నాడు బడిలో పెద్ద పిల్లలు సగం మంది లేరు. ఊళ్లో మగవాళ్లు పోడు వైపు, ఆడవాళ్లు గెడ్డ వాగు వైపు, పిల్లలు రైలు కట్ట వైపు పంతులమ్మ ఆవును వెతకడానికి పోయారు. చెప్పేద్దామని బయల్దేరేలోపు, మధ్యాహ్నానికి ఒక ఎర్రావును తాడు కట్టి మరీ లాక్కొచ్చారు. దాని వెనకాల దూడ, దూడ వెనకాల పక్క ఊరి నుంచి తిట్టుకుంటూ అసలు యజమాని. ఆవు నన్ను చూసింది, నేను ఆవును చూశాను. మా ఇద్దరికీ ముందు పరిచయం లేదని అక్కడున్న అందరికీ తెలిసిపోయింది.

జనం వెళ్లాక ఆవిడ మాత్రం నా గుమ్మం మీద కూర్చుంది. ఎన్నో తప్పించుకునే మాటలు చెప్పాను. ఆవిడ మెట్టు దిగలేదు. చివరికి ఆవు లేదని, ఒళ్లు తగ్గడానికి డాక్టరు నడవమందని చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. జ్వరమేమన్నా వచ్చిందా అని అడిగింది. ఆ ఊళ్లో ఒళ్లు తగ్గడం అంటే వానల్లో చలిజ్వరం రావడం, లేదంటే చోళ్లు చేతికి రాక ముందు గింజలు నిండుకోవడం. కావాలని తగ్గేవాళ్లుంటారని ఆవిడ వినలేదు. నా చెయ్యి పట్టుకుని జబ్బ నొక్కి చూసింది.

"ఇంత ఒల్లు ఊరికే పారేత్తావా?"

ఆ తరవాత నా పొట్ట వైపు చూసింది. ఏడుగుర్ని కని ముగ్గుర్ని దక్కించుకున్న మనిషి. పిల్ల ఏదీ అని అడిగింది. ఎన్నో నెల అనకుండా పిల్ల ఏదీ అని అడిగిన మొదటి మనిషి ఆవిడే. మా అమ్మకు కూడా చెప్పనివన్నీ ఆ గుమ్మంలో చెప్పాను, బస్సు సంగతితో సహా. ఓదారుస్తుందని ఎదురుచూశాను. ఆవిడ లేచి, కోక దులుపుకుని, నా ఆవు కోసం ఊరు ఒక పూట పని పోగొట్టుకుంది కాబట్టి నేను ఊరికి ఒక పూట పని బాకీ అంది. ఆదివారం కొడుకు ఇంటికి మన్ను తొక్కాలి, రమ్మంది.

ఆ ఊళ్లో ఇల్లు కట్టడానికి కూలి ఉండదు. గోడ ఎత్తే రోజున ఇంటికొకరు వస్తారు, వాళ్ల ఇంటికి వీళ్లు పోతారు. ఎర్రమన్ను ముందురోజే తడిపి, గడ్డి నరికి చల్లి ఉంచారు. ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా నిలబడి తొక్కుతారు. నేను చీర పైకి దోపుకోవడానికే పావుగంట సిగ్గుపడి, పోయి వరస చివర నిలబడ్డాను. ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుని నడిమికి లాక్కుపోయింది. తేలిక మనుషులు అంచున తొక్కాలట, బరువున్న మనిషి నడిమిన తొక్కాలట. మన్ను అక్కడే లోతు, సరిగ్గా తొక్కకపోతే అక్కడే గోడ బీట ఇస్తుంది. అక్కడ నా బరువు గురించి ఎవరూ గుసగుసలాడలేదు. దున్నను కొనేటప్పుడు మాట్లాడుకున్నట్టు పైకే మాట్లాడుకున్నారు. వాళ్ల పాదం చీలమండ దాకా దిగిన చోట నా పాదం పిక్క దాకా దిగింది. పంతులమ్మ ఇద్దరి పెట్టు అని ఎవరో అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఎన్ని నెలల తరవాతో నవ్వాను.

అప్పుడు నా పక్కన నడుం పట్టుకున్న ఆమె చెయ్యి నా పొట్టకు తగిలింది. ఆమె చటుక్కున ఆగింది. కడుపుతో ఉన్న మనిషి మన్ను తొక్కకూడదని భయం, మంచి మనసుతోనే అడిగింది, పంతులమ్మకి ఎన్నో నెల అని. వరస ఆగిపోయింది. పదిమందీ నా వైపు తిరిగారు. పిక్కల దాకా మట్టిలో ఉన్నాను, ఎటూ పోలేను. నాలుక చివర ఏడో నెల సిద్ధంగా ఉంది. ఒడ్డున చుట్ట కాలుస్తున్న ఆవిడ దాన్ని నోట్లోంచి తీసింది.

"పిల్ల పోనాది. అది ఆ పిల్ల ఉన్న ఇల్లు. ఇంటి మీద కోపమేటి గుంటా? తొక్కు."

నాకు ఏడుపొచ్చింది. ఎవరూ ఓదార్చలేదు, వరస మళ్లీ కదిలింది. పక్కామె నా నడుం ఇంకాస్త గట్టిగా పట్టుకుంది, అంతే. ఏడుస్తూనే తొక్కాను. కాసేపటికి ఏడుపు ఆగింది గాని కాళ్లు ఆగలేదు. ఆవిడ వచ్చి గుప్పెడు మన్ను తీసి, ముద్ద చేసి, నడుమెత్తు నుంచి నేల మీద వేసింది. ముద్ద పగల్లేదు. అయిందని చెప్పింది. మగవాళ్లు ఆ మన్ను ఎత్తి ఆ రోజుకు మూరెడు గోడ పెట్టారు. వీధి వైపు గోడ. ఆ రాత్రి చోడి అంబలి తాగి పడుకుంటే బడి గంటకు గాని లేవలేదు. విశాఖపట్నం ఇంటికెళ్లి ఆ అద్దం ఇటు తిప్పడానికి ఇంకా నెల పట్టింది, అది వేరే సంగతి.

మర్నాటి నుంచి ఆవిడ నన్ను ఉత్తి చేతులతో నడవనివ్వలేదు. చేతులు ఖాళీగా ఉంటే బరువు బుర్రలోకి ఎక్కుతుందని ఆవిడ లెక్క. చిన్న కట్టెలమోపో, నీళ్ల బిందో, ఏదో ఒకటి నా నెత్తిన పెట్టేది. ఎంత నడిచానని కాదు, ఎలా ఎక్కానని చూసేది. నోరు తెరిచి రొప్పితే కూర్చోమనేది. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసి ఎక్కగలిగినంత సేపే ఎక్కాలి. "నోరు మూసుకోని ఎక్కు" అని వెనక నుంచి రోజుకు పదిసార్లు అనేది. అదే మాట మా అత్తగారు అని ఉంటే ఆ పూటే పుట్టింటికి పోయేదాన్ని. మొదట్లో వాగు దాటగానే కూర్చునేదాన్ని. చలికాలానికి కాఫీ తోటల దాకా, ఆ మరుసటి ఏడు పైన గుట్ట కొసదాకా ఎక్కాను. అక్కణ్ణించి సొరంగంలోంచి వచ్చే గూడ్సు బండి కనిపించేది.

అన్ని రోజులూ ఒకలా ఉండేవి కావు. నడిస్తే అన్నీ పోతాయని నేను ఎవరికీ చెప్పను. వానలు పట్టాయంటే మళ్లీ గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. అలాంటి రోజున ఆవిడ తలుపు కొట్టేది కాదు. గుమ్మంలో బిందె పెట్టి, ఆకులతో అల్లిన కొండగొడుగు కింద కూర్చుని చుట్ట కాల్చుకునేది. నా కోసం ఒక ముసలామె వానలో కూర్చుందే అన్న సిగ్గుకైనా లేచేదాన్ని. లేచాక ఇద్దరం ఊటకు పోయి నీళ్లు తెచ్చుకునేవాళ్లం.

ఆవిడ దగ్గర నేను చేసిన పెద్ద తప్పు ఒకటుంది. రెండో ఏడు విశాఖపట్నం వెళ్లినప్పుడు ఆవిడకొక స్కార్ఫు కొన్నాను, ఆకుపచ్చ మీద తెల్లపూలు. ఇచ్చినప్పుడు చాలా మురిసింది. శుక్రవారం సంతలో చూస్తే దాన్ని గుండ్రంగా చుట్టి, నెత్తిన కుదురు చేసుకుని, దాని మీద చింతపండు బుట్ట పెట్టుకుంది. నాకు ఒళ్లు మండింది. మెడకు చుట్టుకోమని ఇచ్చానే అన్నాను. చలేస్తే కంబళి ఉందిగా అంది. కాదు పెద్దమ్మా, ఆ గడ్డ కనపడకుండా, అన్నాను.

ఆవిడ సంత నడిమిన ఆగింది. చుట్ట తీసింది.

"ఇది అగుపిత్తే నీకేటి?"

నలభై ఏళ్లుగా బరువు మోస్తున్న మెడకు సిగ్గెందుకు అని, మామూలుగా, ధర చెప్పినట్టు చెప్పి ముందుకు పోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. బస్సులో నా పొట్టను జనం ఎలా చూశారో, నేను రెండేళ్లుగా ఆవిడ మెడను అలాగే చూస్తున్నాను. చూడకుండా మొహం తిప్పుకోవడం కూడా చూడడమే. ఆ రోజు నామీద నాకు అసహ్యం వేసింది, దాని వెనకాలే తేలికగా కూడా అనిపించింది. పక్కకు వెళ్లి ఆవిడ బుట్ట రెండో వైపు పట్టుకున్నాను. అప్పటి నుంచి ఆ మెడ వైపు చూసే మాట్లాడేదాన్ని.

ఇంతా చేసి నేనేం తగ్గాను? విశాఖ స్టేషన్లో రంగు లైట్లు తిరిగే బరువు మిషను ఎక్కితే, ఏడాదికి నాలుగు కిలోలు తగ్గినట్టు అట్టముక్క వచ్చింది. దాని మీద నాకు త్వరలో విదేశీయానం ఉందని కూడా ఉంది. ఆ అట్టముక్క పట్టుకుని ఏడుపు మొహంతో కొండెక్కాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నేను మన్ను తొక్కినప్పుడు ఈ మిషను అక్కడుందా అని అడిగింది. లేదన్నాను. అట్టముక్క మూలతో పన్ను కుట్టుకుని అవతల పారేసింది.

నాలుగేళ్ల తరవాత మా ఆయన ఉద్యోగం కోసం కిందికి వచ్చేశాను. రైలు దగ్గరికి ఆవిడ నా ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వచ్చింది, కుదురు ఆ ఆకుపచ్చ స్కార్ఫే. పెట్టె దించి, నా జబ్బ మరోసారి నొక్కి చూసి, బాగుంది అన్నట్టు తలూపింది. మళ్లీ వస్తానని చెప్పాను. రెండుసార్లు వెళ్లాను. పేరు అప్పుడూ అడగలేదు.

ఇక మొన్నటి బస్సు. కాంప్లెక్సు దాటాక, చెవులకు తీగలు పెట్టుకుని కూర్చున్న ఒక చిన్నపిల్ల నన్ను చూసి లేచింది. కథలో రాస్తే నమ్మరు గాని, తలకు రంగేసుకునే నలభయ్యేళ్ల పొట్టకు ఈ ప్రశ్న ఏడాదికి మూడు నాలుగుసార్లయినా వస్తుంది. కొండ దిగి వచ్చాక అబద్ధమైతే ఆడలేదు గాని నిజమూ చెప్పలేదు. నవ్వేసి, దిగిపోతున్నానమ్మా అని తప్పించుకునేదాన్ని. మొన్న కూడా ఆ పిల్ల చెవి తీగ తీసి, చిన్నగా అడిగింది, ఎన్నో నెల ఆంటీ అని.

నాకు చీపుర్ల మోపు కనిపించింది, దాన్ని ఆనించిన గోడ కనిపించింది. ఏ గోడ అని నర్సు పిల్లను నేను అడగలేదు. అడగక్కర్లేదు, ఆ కొడుకు ఇంటికి వీధి వైపు గోడ ఒకటే.

"ఇప్పుడు లేదమ్మా," అన్నాను. "ఒకప్పుడు ఇక్కడ ఒక పాప ఉండేది. నువ్వు కూర్చో, నేను నిలబడగలను."

ఆ పిల్ల మొహం ఎర్రబడింది, సారీ అంది. సారీ ఎందుకు, అడిగినందుకు సంతోషం అన్నాను, నిజంగానే. ఆ మాట ఒక కొత్త మనిషికి చెప్పడం నా జీవితంలో అదే మొదలు. కొంచెంసేపు ఇద్దరం నిలబడే ఉన్నాం, మధ్యలో సీటు ఖాళీగా ఉంది. తరవాత ఆ పిల్ల కూర్చుని, నా సంచీ ఒళ్లో పెట్టుకుంటానని చెయ్యి చాపింది. వద్దులే, నా చేతిలోనే ఉండనీ అన్నాను.

మా ఇల్లు మూడో అంతస్తు. లిఫ్టు ఉంది, పనిచేస్తోంది కూడా. సంచీ నెత్తిన పెట్టుకుని, నోరు మూసుకుని, మెట్లెక్కాను.